ఇన్‌ఫ్లేషన్: అదిశ క్షేత్రాలు, సవరించిన గురుత్వ సిద్ధాంతాలు

విశ్వం మొదలైన తొలి క్షణంలో, సెకనులో అత్యల్ప భాగం పాటు, స్థలం విపరీతమైన వేగంతో వ్యాకోచించిందని చెప్పే సిద్ధాంతం ఇన్‌ఫ్లేషన్. సాధారణంగా ఈ దశను 10⁻³⁶ సెకను నుంచి 10⁻³² సెకను మధ్య ఉంచుతారు. అంతలోనే దూరాలు కనీసం 10²⁶ రెట్లు పెరిగి ఉండాలి. ఈ వ్యాకోచాన్ని నడిపినదేమిటన్న ప్రశ్నకు రెండు రకాల సమాధానాలు ఉన్నాయి. విశ్వమంతటా పరచుకున్న ఒక అదిశ క్షేత్రం తన స్థితిజశక్తితో స్థలాన్ని సాగదీసిందనేది మొదటిది. అంతటి తీవ్రమైన వక్రత ఉన్నచోట ఐన్‌స్టీన్ సమీకరణాలకు అదనపు పదాలు చేరతాయని, ఆ పదాలే వ్యాకోచానికి కారణమని చెప్పేది రెండోది. పైకి వేరువేరుగా కనిపించే ఈ రెండు దారులూ చాలా నమూనాల్లో ఒకే గణితానికి రెండు రూపాలు. రష్యన్ భౌతిక శాస్త్రవేత్త అలెక్సీ స్టారోబిన్‌స్కీ 1980లో ప్రచురించిన నమూనా ఇందుకు మొదటి ఉదాహరణ. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా పరిశీలనలతో సరిచూసేటప్పుడు ముందుగా పట్టికలోకి ఎక్కేది అదే. అందుకే ఈ వ్యాసంలో దానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

నేపథ్యం: ప్రామాణిక బిగ్ బ్యాంగ్ నమూనాలోని చిక్కులు

1965లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ కనుగొన్న విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం, విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ల వయసున్నప్పుడు బయలుదేరిన వెలుగు. దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్‌లు. మన సౌరకుటుంబపు కదలిక వల్ల వచ్చే తేడాను తీసివేస్తే, ఆకాశంలో ఎటు చూసినా ఈ విలువ లక్షలో ఒక వంతు స్థాయి వరకు ఒకటే. ఈ ఏకరూపతే అసలు చిక్కు. ఇన్‌ఫ్లేషన్ లేని నమూనాలో లెక్క వేస్తే, ఆకాశంలో సుమారు 2 డిగ్రీలకు మించి, అంటే నాలుగు పున్నమి చంద్రుల వెడల్పుకు మించి ఎడంగా ఉన్న రెండు బిందువుల మధ్య ఆనాటికి ఏ సంకేతమూ ప్రయాణించి ఉండదు. ఒకదానితో ఒకటి ఎన్నడూ సంపర్కంలో లేని ప్రాంతాలు ఒకే ఉష్ణోగ్రతకు ఎలా వచ్చాయన్నది క్షితిజ సమస్య.

సమతల సమస్య రెండోది. నేటి విశ్వపు జ్యామితి, కొలతల పరిమితిలో, యూక్లిడ్ జ్యామితే. సాధారణ వ్యాకోచంలో ఈ సమతలత నిలిచేది కాదు. ఏ కాస్త వక్రత ఉన్నా కాలంతో పెరిగిపోతుంది. ఇవాళ ఇలా ఉండాలంటే విశ్వానికి ఒక సెకను వయసున్నప్పుడు దాని సాంద్రత, సమతలతకు కావలసిన సందిగ్ధ సాంద్రతతో సుమారు 15 దశాంశ స్థానాల వరకు సరిపోయి ఉండాలి. మహా ఏకీకరణ సిద్ధాంతాలు ఊహించిన అయస్కాంత ఏకధ్రువాలు ఎక్కడా కనిపించకపోవడం మూడో చిక్కు. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేస్తుంది: విశ్వం వయసు ఇంకా అత్యల్పంగా ఉన్నప్పుడు, త్వరణంతో సాగిన వ్యాకోచ దశ ఒకటి ఉండటం.

అదిశ క్షేత్రం పనితీరు

స్థలంలోని ప్రతి బిందువు వద్దా దిశ లేని ఒక్క సంఖ్యతో తెలిపే రాశిని అదిశ క్షేత్రం అంటారు. గదిలోని ఉష్ణోగ్రత అలాంటిది. గాలి వీచే తీరు సదిశ క్షేత్రం. ప్రకృతిలో మౌలికమైన అదిశ క్షేత్రం ఒక్కటే ఇప్పటివరకు ప్రయోగశాలలో రుజువైంది. అది 2012లో సెర్న్‌లో కణ రూపంలో దొరికిన హిగ్స్ క్షేత్రం.

ఇన్‌ఫ్లేషన్‌ను నడిపే క్షేత్రానికి ఇన్‌ఫ్లేటాన్ అని పేరు. దాని శక్తి సాంద్రత గతిజ, స్థితిజ శక్తుల మొత్తం. దాని పీడనం గతిజశక్తి నుంచి స్థితిజశక్తిని తీసివేయగా మిగిలేది. క్షేత్రం నెమ్మదిగా మారుతున్నప్పుడు గతిజ భాగం దాదాపు సున్నా కాబట్టి పీడనం రుణాత్మకమవుతుంది. సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో సాంద్రతతో పాటు పీడనం కూడా గురుత్వానికి మూలమే. రుణ పీడనం తగినంతగా ఉంటే, విశ్వవ్యాకోచం మందగించాల్సింది పోయి త్వరణం అందుకుంటుంది. వ్యాకోచం జరుగుతున్నా శక్తి సాంద్రత తరగదు కాబట్టి దూరాలు ఘాతీయంగా పెరుగుతాయి.

క్షేత్రం నెమ్మదిగా మారడానికి కారణం కూడా వ్యాకోచమే. క్షేత్ర చలన సమీకరణంలో వ్యాకోచ రేటు ఘర్షణలా పనిచేసే పదంగా చేరి, క్షేత్రాన్ని పొటెన్షియల్ (అంటే స్థితిజశక్తి) వాలు మీద వేగం అందుకోనివ్వదు. దీనిని మంద చలన దశ అంటారు. వాలు ఎంత చదునుగా ఉంటే దశ అంత ఎక్కువ కాలం నిలుస్తుంది. దూరాలు ‘ఈ’ రెట్లు, అంటే సుమారు 2.718 రెట్లు పెరగడాన్ని ఒక ఈ-మడతగా లెక్కిస్తారు. చిక్కులు తీరడానికి సుమారు 50 నుంచి 60 ఈ-మడతలు కావాలి. పొటెన్షియల్ అంత చదునుగా ఎందుకు ఉండాలన్నదే ఈ రంగంలో అన్నిటికన్నా పాత ప్రశ్న. గురుత్వాన్ని సవరించే నమూనాలకు ఇంత ఆదరణ రావడానికి మూలం ఇక్కడే ఉంది: వాటిలో చదును విడిగా పెట్టుకున్న ఊహగా కాక, గురుత్వ సమీకరణం నుంచే వస్తుంది.

చరిత్ర

స్టారోబిన్‌స్కీ (1948–2023) మాస్కో దగ్గరి లాండౌ సైద్ధాంతిక భౌతిక సంస్థలో పనిచేశారు. ఆయన 1980 వ్యాసం క్షితిజ సమస్య కోసం రాసింది కాదు. విశ్వారంభంలో వక్రత అనంతమయ్యే సింగులారిటీని తప్పించడం ఆయన ఉద్దేశం. పదార్థ క్షేత్రాల క్వాంటమ్ ప్రభావాలు గురుత్వ సమీకరణాలకు వక్రత వర్గాల పదాలను చేరుస్తాయని, వాటి వల్ల విశ్వం ఘాతీయ వ్యాకోచ దశతో మొదలై, ఆ దశ దానంతటదే ముగిసి, సాధారణ వ్యాకోచంలోకి దిగుతుందని ఆయన చూపారు. అంతకు ముందు ఏడాదే, అలాంటి దశలో పుట్టే గురుత్వ తరంగాల వర్ణపటాన్ని కూడా లెక్కగట్టారు. నేటి పరిశీలకులు వెతుకుతున్నది ఆ తరంగాల జాడనే.

అమెరికాలో ఆలన్ గూత్ ఇదే గమ్యానికి వేరే దారిన వచ్చారు. 1979 డిసెంబరులో ఏకధ్రువాల సమస్య మీద పనిచేస్తూ, మిథ్యా శూన్యంలో, అంటే కనిష్ఠ శక్తి కాని తాత్కాలిక స్థితిలో, చిక్కుకున్న అదిశ క్షేత్రం విశ్వాన్ని ఘాతీయంగా వ్యాకోచింపజేస్తుందని గుర్తించారు. ఆయన వ్యాసం 1981 జనవరిలో వెలువడింది. ఇన్‌ఫ్లేషన్ అన్న పేరూ, చిక్కులన్నీ ఒక్కచోట చేర్చి చూపిన వాదనా గూత్‌వే. జపాన్‌లో కట్సుహికో సాటో కూడా అదే కాలంలో దగ్గరి ఆలోచనలను ప్రచురించారు. అయితే గూత్ నమూనాలో ఇన్‌ఫ్లేషన్ సాఫీగా ముగియదు. కొత్త శూన్యం బుడగలుగా పుడుతుంది. వాటి మధ్య స్థలం అతివేగంగా సాగుతుండటంతో బుడగలు కలిసి ఏకరూప విశ్వంగా మారలేవు. ఈ లోపాన్ని గూత్ తన వ్యాసంలోనే చెప్పారు. 1982లో ఆండ్రే లిండే, విడిగా ఆండ్రియాస్ ఆల్‌బ్రెక్ట్, పాల్ స్టైన్‌హార్ట్ మంద చలన పద్ధతితో దీన్ని దాటారు. 1983లో లిండే ప్రతిపాదించిన కేయాటిక్ ఇన్‌ఫ్లేషన్, క్షేత్రపు ఘాతానికి అనులోమంగా పెరిగే అతి సరళమైన పొటెన్షియల్ కూడా చాలునని చూపింది.

1981లో వియాచెస్లావ్ ముఖానోవ్, గెన్నడీ చిబిసోవ్ వేసిన అడుగు వీటన్నిటికీ ప్రయోగపు విలువ తెచ్చింది. ఇన్‌ఫ్లేషన్ దశలోని క్వాంటమ్ హెచ్చుతగ్గులే తర్వాత గెలాక్సీలకు విత్తనాలవుతాయని వారు లెక్కించారు. వారు లెక్కకు ఎంచుకున్నది స్టారోబిన్‌స్కీ నమూనానే. 1982లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన నఫీల్డ్ సమావేశంలో హాకింగ్, స్టారోబిన్‌స్కీ, గూత్ సహా పలు బృందాలు అదిశ క్షేత్ర నమూనాలకు ఇదే రకమైన ఫలితాన్ని సాధించాయి. 2014 కావ్లీ బహుమతిని గూత్, లిండే, స్టారోబిన్‌స్కీలకు కలిపి ఇచ్చారు.

స్టారోబిన్‌స్కీ నమూనా: వక్రత వర్గం నుంచి స్కేలరాన్ దాకా

సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని ఒక క్రియా సూత్రం నుంచి రాబట్టవచ్చు. అందులో ప్రధానమైన రాశి స్థలకాలపు వక్రతను ఒకే సంఖ్యగా తెలిపే రిచ్చీ అదిశ. దాన్ని ‘ఆర్’ అక్షరంతో సూచిస్తారు. ఈ ‘ఆర్’ స్థానంలో దాని ఏదైనా ప్రమేయాన్ని పెడితే వచ్చే సిద్ధాంతాలను ఎఫ్(ఆర్) గురుత్వ సిద్ధాంతాలు అంటారు. నేడు స్టారోబిన్‌స్కీ నమూనాగా పిలిచేది వీటిలో అతి సరళమైనది. అందులో ‘ఆర్’కు ‘ఆర్’ వర్గాన్ని 6ఎం²తో భాగించి కలుపుతారు. ఎం అన్నది ద్రవ్యరాశి కొలమానం ఉన్న ఒకే ఒక్క స్థిరాంకం. వక్రత తక్కువైనప్పుడు, అంటే సౌరకుటుంబంలో, వర్గ పదం లెక్కలోకి రానంత చిన్నది. న్యూటన్, ఐన్‌స్టీన్ ఫలితాలకు ఏ భంగమూ కలగదు. వక్రత ఎం² స్థాయిని దాటినప్పుడు ఆ పదమే పెత్తనం చేస్తుంది.

ఐన్‌స్టీన్ సమీకరణాలు రెండో తరగతి అవకలన సమీకరణాలు. వర్గ పదం చేరగానే నాలుగో తరగతివి అవుతాయి. తరగతి పెరిగిందంటే సిద్ధాంతంలో అదనపు స్వేచ్ఛ వచ్చిందన్నమాట. అదేమిటో చూడటానికి సమీకరణాల ట్రేస్ తీసుకుంటే చాలు. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో పదార్థం లేని చోట ‘ఆర్’ సున్నా కావాల్సిందే. ఇక్కడ అలా కాదు. పదార్థం లేకున్నా ‘ఆర్’ ఒక తరంగ సమీకరణాన్ని పాటిస్తుంది. ఆ సమీకరణం ఎం ద్రవ్యరాశి ఉన్న అదిశ కణానికి వర్తించే క్లైన్–గోర్డన్ సమీకరణమే. వక్రతే ఒక కణంలా కదులుతుంది. ఆ కణానికి స్టారోబిన్‌స్కీ పెట్టిన పేరు స్కేలరాన్.

1984లో బ్రయాన్ విట్ ఈ సంబంధాన్ని మరో రూపంలో స్పష్టం చేశారు. స్థలకాలంలో దూరాలను నిర్ణయించే మెట్రిక్‌ను 1 + ఆర్/3ఎం² అనే గుణకంతో గుణించి కొత్త మెట్రిక్‌గా తీసుకుంటే, సిద్ధాంతం మొత్తం మామూలు ఐన్‌స్టీన్ గురుత్వంగా, దానికి తోడు ఒక అదిశ క్షేత్రంగా విడిపోతుంది. ఆ గుణకపు సంవర్గమానమే క్షేత్రపు విలువ. పొటెన్షియల్‌ను ఊహించుకోవలసిన పని లేదు. గణితం నుంచే వస్తుంది. క్షేత్రం పెద్దదైనప్పుడు అది ఒక స్థిరమైన ఎత్తు వద్ద పీఠభూమిగా మారుతుంది; పీఠభూమికి, అసలు విలువకు మధ్య తేడా ఘాతీయంగా తగ్గిపోతుంది. క్షేత్రం చిన్నదైనప్పుడు పొటెన్షియల్ దాని వర్గానికి అనులోమంగా ఉంటుంది. పీఠభూమి మీద ఇన్‌ఫ్లేషన్ సాగి, దిగువన డోలనాలతో ముగుస్తుంది.

ఏకైక స్థిరాంకం ఎం విలువను నేపథ్య వికిరణంలోని హెచ్చుతగ్గుల పరిమాణమే నిర్ణయిస్తుంది. అది సుమారు 3 × 10¹³ గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్లు ఢీకొనే శక్తికి ఇది 200 కోట్ల రెట్లకు పైనే. కాబట్టి ఈ కణాన్ని నేరుగా పుట్టించి చూడటం సాధ్యం కాదు. ఎం తేలిపోయాక సర్దుబాటుకు ఇంకేమీ మిగలదు. ఎన్ అన్నది ఈ-మడతల సంఖ్య అయితే, వర్ణపట సూచిక 1 − 2/ఎన్, టెన్సర్–అదిశ నిష్పత్తి 12/ఎన్² (చూ. హెచ్చుతగ్గులు, గురుత్వ తరంగాలు). ఎన్ 55 అయితే ఇవి వరుసగా 0.964, 0.004. రెండు సంఖ్యలూ ముందే తెగేసి చెప్పగలగడం ఈ నమూనాకు ఉన్న బలం. కొలత తేడాగా వస్తే తప్పించుకోవడానికి చోటు లేకపోవడం కూడా ఒక సిద్ధాంతానికి గౌరవమే.

నాలుగో తరగతి సమీకరణాలున్న సిద్ధాంతాలకు సాధారణంగా ఒక ప్రమాదం ఉంది. శక్తికి కింది హద్దు లేకుండా పోతుందని ఆస్ట్రోగ్రాడ్‌స్కీ 1850లోనే చూపారు. ఎఫ్(ఆర్) సిద్ధాంతాలు దీన్నుంచి బయటపడతాయి. వాటిలో అదనంగా వచ్చేది ధన శక్తి గల ఒక్క అదిశ స్వేచ్ఛ మాత్రమే. రిచ్చీ టెన్సర్ వర్గం వంటి ఇతర వర్గ పదాలను కూడా చేరిస్తే, కెల్లీ స్టెల్ 1977లో చూపినట్టు, సిద్ధాంతం పునఃసామాన్యీకరణకు లొంగుతుంది గానీ రుణ శక్తి గల స్పిన్ 2 కణం ఒకటి వచ్చిపడుతుంది.

జోర్డాన్ చట్రం, ఐన్‌స్టీన్ చట్రం

సవరించిన రూపంలో సిద్ధాంతాన్ని రాస్తే అది జోర్డాన్ చట్రం. మెట్రిక్‌ను మార్చి, అదిశ క్షేత్రాన్ని విడదీసి రాస్తే ఐన్‌స్టీన్ చట్రం. మొదటిదానిలో గురుత్వం కొత్తది, పదార్థం పాతది. రెండోదానిలో గురుత్వం పాతదే, కానీ పదార్థపు ద్రవ్యరాశులు అదిశ క్షేత్రంతో పాటు మారతాయి. ఏది నిజమైనదన్న వాదం దశాబ్దాల పాటు నడిచింది. నేడు ఎక్కువమంది ఒప్పుకునేది ఇది: పొడవుల కొలమానాలు కూడా చట్రంతో పాటు మారతాయని గుర్తుంచుకుంటే, కొలవదగిన రాశులు రెండింటిలోనూ ఒకటే. క్వాంటమ్ సవరణలు రెండు చట్రాల్లోనూ సమానమవుతాయా అన్నదాని మీద మాత్రం భిన్నాభిప్రాయాలున్నాయి.

ఇంకో సూక్ష్మం ఉంది. పై చర్చంతా మెట్రిక్ పద్ధతికి వర్తిస్తుంది. మెట్రిక్‌ను, కనెక్షన్‌ను విడివిడి రాశులుగా తీసుకునే పలాతీనీ పద్ధతిలో వర్గ పదం కదిలే స్కేలరాన్‌ను ఇవ్వదు. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో ఈ రెండు పద్ధతులూ ఒకే సమీకరణాలకు చేరతాయి. గురుత్వాన్ని సవరించినప్పుడే దారులు చీలతాయి.

హిగ్స్ ఇన్‌ఫ్లేషన్

తెలిసిన అదిశ క్షేత్రమే ఇన్‌ఫ్లేటాన్ కాకూడదా అన్న ప్రశ్నకు ఫెడోర్ బెజ్రుకోవ్, మిఖాయిల్ షపోష్నికోవ్ 2007లో సమాధానం ప్రతిపాదించారు. హిగ్స్ పొటెన్షియల్ ఒంటరిగా అయితే మరీ నిటారు. కానీ హిగ్స్ క్షేత్ర వర్గాన్ని వక్రతతో గుణించిన పదాన్ని, సుమారు 10⁴ స్థాయి గుణకంతో కలిపితే, ఐన్‌స్టీన్ చట్రంలో పొటెన్షియల్ పీఠభూమిగా చదునవుతుంది. ఆ పీఠభూమి ఆకారం స్టారోబిన్‌స్కీ నమూనాలోని ఆకారమే. అందుకే రెండింటి అంచనాలూ దాదాపు కలిసిపోతాయి, మిగిలే చిన్న తేడా ఇన్‌ఫ్లేషన్ ముగిసిన తీరు నుంచి వస్తుంది (చూ. రీహీటింగ్).

ఈ నమూనా మీద రెండు అభ్యంతరాలు గట్టివి. అంత పెద్ద గుణకం ఉన్నప్పుడు శూన్యం చుట్టూ చేసే లెక్కలు ప్లాంక్ శక్తి కన్నా చాలా కిందనే విఫలమవుతాయి. పైగా, హిగ్స్, టాప్ క్వార్క్‌ల కొలిచిన ద్రవ్యరాశులతో కణ భౌతిక శాస్త్రపు ప్రామాణిక నమూనాను పై శక్తులకు పొడిగిస్తే, హిగ్స్ స్వయం-అన్యోన్యక్రియ గుణకం 10¹⁰ గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ప్రాంతం దాటాక రుణాత్మకమయ్యే సూచనలున్నాయి. టాప్ క్వార్క్ ద్రవ్యరాశిని ఇంకా కచ్చితంగా కొలిస్తే గానీ ఇది తేలదు.

ఇతర రకాలు

బ్రాన్స్–డికీ సిద్ధాంతం (1961) గురుత్వ స్థిరాంకాన్నే అదిశ క్షేత్రంగా మార్చింది. దాన్ని గూత్ బుడగల నమూనాతో కలిపి 1989లో లా, స్టైన్‌హార్ట్ విస్తృత ఇన్‌ఫ్లేషన్‌ను ప్రతిపాదించారు. వ్యాకోచ రేటు క్రమంగా తగ్గుతుంది కాబట్టి బుడగలు చివరికి కలుస్తాయి. కానీ బుడగలు నేపథ్య వికిరణంలో కనిపించేంత పెద్దవి కాకుండా ఉండాలంటే బ్రాన్స్–డికీ పరామితి సుమారు 25 కన్నా తక్కువ ఉండాలి. సౌరకుటుంబ పరీక్షలు అప్పటికే 500కు మించి ఉండాలంటున్నాయి. 2003లో కసీని వ్యోమనౌక రేడియో సంకేతాలు ఆ హద్దును 40,000 దాటించాయి. మొదటి రూపం అలా ముగిసింది.

1999లో వచ్చిన కె-ఇన్‌ఫ్లేషన్‌లో పొటెన్షియల్ లేకుండా గతిజ పదాలే వ్యాకోచాన్ని నడుపుతాయి. ఒక అదిశ క్షేత్రం, ఒక మెట్రిక్‌తో రెండో తరగతి సమీకరణాలనిచ్చే అతి సాధారణ సిద్ధాంతాన్ని గ్రెగరీ హార్న్‌డెస్కీ 1974లోనే రాశారు. తర్వాత ఆయన భౌతిక శాస్త్రాన్ని వదిలి చిత్రకారుడయ్యారు. ఆ వ్యాసం మూడు దశాబ్దాలకు పైగా దాదాపు మరుగున ఉండి, 2011 ప్రాంతంలో మళ్లీ వెలుగులోకి వచ్చింది. జపాన్ బృందం రూపొందించిన సాధారణీకృత జి-ఇన్‌ఫ్లేషన్ ఈ చట్రంలోనిదే. 2017లో న్యూట్రాన్ తారల విలీనం నుంచి గురుత్వ తరంగాలు, గామా కిరణాలు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో చేరడం హార్న్‌డెస్కీ కుటుంబంలో చాలా నమూనాలను కొట్టివేసింది. అయితే ఆ హద్దు నేటి విశ్వానికే వర్తిస్తుంది. ఇన్‌ఫ్లేషన్ కాలానికి దాన్ని యథాతథంగా మోపలేం.

రెనాటా కల్లోష్, లిండే 2013 నుంచి అభివృద్ధి చేసిన ఆల్ఫా-ఆకర్షక నమూనాలు స్టారోబిన్‌స్కీ, హిగ్స్ నమూనాలను ఒకే కుటుంబంలోకి తెచ్చాయి. అందులో ఆల్ఫా విలువ 1 అయితే స్టారోబిన్‌స్కీ అంచనాలే వస్తాయి.

హెచ్చుతగ్గులు, గురుత్వ తరంగాలు

ఇన్‌ఫ్లేషన్ దశలో క్వాంటమ్ హెచ్చుతగ్గుల తరంగదైర్ఘ్యాలు సాగి క్షితిజాన్ని దాటుతాయి. దాటిన తర్వాత వాటి పరిమాణం ఘనీభవించినట్టు నిలిచిపోతుంది. క్షేత్రపు విలువలో తేడా ఉన్నచోట ఇన్‌ఫ్లేషన్ కాస్త ముందో వెనకో ముగుస్తుంది కాబట్టి సాంద్రతలో తేడాలు వస్తాయి. ప్రతి పరిమాణం వద్దా తేడాలు సమానంగా ఉంటే వర్ణపట సూచిక 1. క్షేత్రం నెమ్మదిగానైనా దిగుతూనే ఉంటుంది కాబట్టి, సరళ నమూనాల్లో ఎక్కువ భాగం 1 కన్నా కొద్దిగా తక్కువ విలువనిస్తాయి. మెట్రిక్‌లోని హెచ్చుతగ్గులే ఆదిమ గురుత్వ తరంగాలు. సాంద్రత తేడాలతో పోల్చి వాటి బలాన్ని చెప్పేది టెన్సర్–అదిశ నిష్పత్తి. అది ఇన్‌ఫ్లేషన్ జరిగిన శక్తి స్థాయిని నేరుగా తెలుపుతుంది. ఈ తరంగాలు నేపథ్య వికిరణపు ధ్రువణంలో బి-రీతి అనే సుడి ఆకారపు అమరికను మిగులుస్తాయి.

రీహీటింగ్

ఇన్‌ఫ్లేషన్ ముగిసేసరికి విశ్వం చల్లగా, కణాలు దాదాపు లేకుండా ఉంటుంది. డోలనం చెందే క్షేత్రం కణాలుగా క్షయమై వేడి ప్లాస్మాను సృష్టించాలి. స్కేలరాన్ గురుత్వ సంబంధమైనది కాబట్టి దాని క్షయం మెల్లగా సాగుతుంది. ఉష్ణోగ్రత సుమారు 10⁹ గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లకు చేరుతుంది. హిగ్స్ ప్రామాణిక నమూనా కణాలతో బలంగా ముడిపడి ఉన్నందున వేడెక్కడం త్వరగా, ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద జరుగుతుంది. దీనివల్ల ఎన్ విలువ రెండింటిలో మూడు నాలుగు ఈ-మడతలు తేడా పడుతుంది.

పరిశీలనలు

1992లో కోబ్ ఉపగ్రహం నేపథ్య వికిరణంలో హెచ్చుతగ్గులను మొదటిసారి చూసింది. డబ్ల్యుమ్యాప్, తర్వాత ప్లాంక్ ఉపగ్రహాలు వాటిని కచ్చితంగా కొలిచాయి. ప్లాంక్ 2018 ఫలితాల్లో వర్ణపట సూచిక 0.9649, దోషం 0.0042. అంటే ఆ విలువ 1 కాదని ఎనిమిది ప్రామాణిక విచలనాల బలంతో తేలింది. గాసియన్ పంపిణీ నుంచి విచలనం దొరకలేదు. ఇది ఒకే క్షేత్రం మంద చలనంతో నడిపే నమూనాలకు అనుకూలం.

గురుత్వ తరంగాల కథ అంత సాఫీగా సాగలేదు. 2014 మార్చి 17న దక్షిణ ధ్రువంలోని బైసెప్2 బృందం బి-రీతి సంకేతం దొరికిందని, టెన్సర్–అదిశ నిష్పత్తి 0.2 అని ప్రకటించింది. ఆ విలువ నిజమైతే స్టారోబిన్‌స్కీ నమూనా అక్కడితో ముగిసేది. బైసెప్2 ఆకాశాన్ని 150 గిగాహెర్ట్జ్ అనే ఒకే పౌనఃపున్యంలో చూసింది. మన గెలాక్సీలోని ధూళి కణాలు అయస్కాంత క్షేత్రానికి అనుగుణంగా వరుసతీరి ఇదే రకమైన ధ్రువణాన్నిస్తాయి. ఒకే పౌనఃపున్యంలో చూస్తే రెండింటినీ విడదీయడం కుదరదు. ప్లాంక్ 353 గిగాహెర్ట్జ్‌లో తీసిన పటంలో ధూళి మెరుపు స్పష్టంగా కనిపిస్తుంది. రెండు బృందాలూ 2015 ఆరంభంలో కలిసి చేసిన విశ్లేషణలో, సంకేతంలో చెప్పుకోదగ్గ భాగం ధూళిదేనని, మిగిలినదానిలో గురుత్వ తరంగాలు ఉన్నాయని చెప్పలేమని తేలింది. 2021లో బైసెప్/కెక్ బృందం నిష్పత్తికి 0.036 పై హద్దు పెట్టింది. దాంతో కేయాటిక్ ఇన్‌ఫ్లేషన్‌లో క్షేత్ర వర్గానికి అనులోమమైన పొటెన్షియల్ పూర్తిగా పక్కకు పోయింది. ఎన్ 60 వద్ద దాని అంచనా 0.13.

2025లో చిలీలోని అటకామా విశ్వశాస్త్ర టెలిస్కోప్ కొత్త చిక్కు తెచ్చింది. దాని దత్తాంశాన్ని ప్లాంక్‌తో కలిపితే వర్ణపట సూచిక 0.971, డెసి గెలాక్సీ సర్వేను కూడా కలిపితే 0.974, దోషం 0.0034. ఎన్ 60 వద్ద స్టారోబిన్‌స్కీ అంచనా 0.967 కాబట్టి, ఇది రెండు ప్రామాణిక విచలనాలకు కాస్త పైన ఉన్న విభేదం. విలువ పైకి జరగడంలో డెసి పాత్ర గణనీయం. డెసి కొలతలకు, నేపథ్య వికిరణ కొలతలకు మధ్యే కొంత పొంతన లేకపోవడం వల్ల నమూనాను తోసిపుచ్చడం తొందరపాటవుతుంది. అలాగని, పదేళ్లు గెలిచిన నమూనా అని ఈ సంఖ్యను పక్కన పెట్టడమూ సరికాదు.

విమర్శలు

సవరించిన గురుత్వ నమూనాలకు ఉన్న అసలు బలహీనత, వర్గ పదం దగ్గరే ఎందుకు ఆగాలన్నది. ‘ఆర్’ ఘనం, ఆ పై పదాలు కూడా ఉంటే పీఠభూమి చదును చెడుతుంది. అవి చాలా చిన్నవిగా ఎందుకు ఉండాలో వివరించే లోతైన సిద్ధాంతం ఇంకా లేదు. చిన్న ఘన పదం ఒకటి ఉంటే వర్ణపట సూచిక కొద్దిగా జరిగి, కొత్త దత్తాంశానికి సరిపోవచ్చు కూడా. కానీ అప్పుడు సర్దుబాటుకు చోటు లేదన్న ఘనత పోతుంది.

ఇన్‌ఫ్లేషన్ రూపకర్తల్లో ఒకరైన స్టైన్‌హార్టే తర్వాత దానికి ప్రధాన విమర్శకుడయ్యారు. ప్లాంక్ దత్తాంశం ఇష్టపడే పీఠభూమి నమూనాలు మొదలవడానికి మరింత ప్రత్యేకమైన ఆరంభ స్థితి కావాలని ఇజ్జాస్, స్టైన్‌హార్ట్, లోబ్ 2013లో వాదించారు. 2017లో సైంటిఫిక్ అమెరికన్‌లో వారు రాసిన వ్యాసానికి గూత్, లిండే సహా 33 మంది శాస్త్రవేత్తలు సంతకాలతో బదులిచ్చారు. సంకోచం నుంచి వ్యాకోచంలోకి మళ్లే ఎక్పైరోటిక్ వంటి ప్రత్యామ్నాయాలు చెప్పుకోదగ్గ ఆదిమ గురుత్వ తరంగాలను ఊహించవు. తంతు సిద్ధాంతం వైపు నుంచి 2019లో బెద్రోయా, వాఫా ప్రతిపాదించిన ఊహ నిజమైతే, టెన్సర్–అదిశ నిష్పత్తి కొలవడానికి వీలుకానంత చిన్నదవుతుంది.

భారతీయ కృషి

విశ్వారంభ సింగులారిటీ ఏయే షరతుల్లో తప్పదో చెప్పే వాదనలకు పునాది 1955లో కోల్‌కతా నుంచి అమల్ కుమార్ రాయ్‌చౌధురి ప్రచురించిన సమీకరణం. స్టారోబిన్‌స్కీ తప్పించాలనుకున్న సింగులారిటీ అదే. ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి జయంత్ నార్లికర్ 1960లలో అభివృద్ధి చేసిన సి-క్షేత్రం రుణ శక్తి గల అదిశ క్షేత్రం. దాని ప్రభావంలో విశ్వం ఘాతీయంగా వ్యాకోచిస్తుంది. 1985లో నార్లికర్, తాను పద్మనాభన్ ఆ క్షేత్రం క్షితిజ, సమతల సమస్యలను ఎలా తీరుస్తుందో చూపారు. పుణెలోని అయూకాలో పనిచేసిన వరుణ్ సాహ్నీతో కలిసి స్టారోబిన్‌స్కీ 2000లో రాసిన విశ్వ స్థిరాంక సమీక్ష విస్తృతంగా ఉటంకించబడింది. నేపథ్య వికిరణ ధ్రువణాన్ని అంతరిక్షం నుంచి కొలిచే ప్రయోగాన్ని సీఎంబీ-భారత్ అనే శాస్త్రవేత్తల బృందం ఇస్రోకు ప్రతిపాదించింది.

రాబోయే కొలతలు

అటకామా ఎడారిలో 5,200 మీటర్ల ఎత్తున ఉన్న సైమన్స్ అబ్జర్వేటరీ, జపాన్ నాయకత్వంలో 2030లలో ఎగరాల్సిన లైట్‌బర్డ్ ఉపగ్రహం బి-రీతుల వేటలో ముఖ్యమైనవి. ధూళి పాఠం తర్వాత రెండూ పలు పౌనఃపున్యాల్లో చూసేలా రూపొందాయి. లైట్‌బర్డ్ లక్ష్యం నిష్పత్తిని 0.001 దోషంతో కొలవడం; స్టారోబిన్‌స్కీ నమూనా అంచనా 0.003 నుంచి 0.005 మధ్య ఉంటుంది. ఆ విలువ దొరికినా హిగ్స్ ఇన్‌ఫ్లేషన్ నుంచి స్కేలరాన్‌ను విడదీయడానికి అది చాలదు. అందుకు వర్ణపట సూచికను వెయ్యిలో ఒకటి రెండు వంతుల కచ్చితత్వానికి తీసుకుపోవాలి. నేపథ్య వికిరణంతో పాటు గెలాక్సీ సర్వేలను కూడా వాడి ఆ పని చేయాలంటే, ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఉన్న విభేదం ముందుగా తేలాలి.